ఔటర్ దాటి చిన్న ఊళ్లో ఉండాలంటే: సంగారెడ్డి, భువనగిరి, షాద్‌నగర్, వికారాబాద్‌లలో ఏది ఎవరికి?

హైదరాబాద్‌లో కిరాయిలు భరించలేకనో, పిల్లలు ఆడుకోవడానికి కాస్త వాకిలి కావాలనో, రిటైరయ్యాక హారన్ల మోత లేని చోట ఉండాలనో ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఇల్లు వెతుక్కునే వాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఔటర్‌ను ఆనుకుని లేచిన వెంచర్ల గురించి కాదు ఈ రాత. తమకంటూ ఒక బజారు, బస్టాండు, పాత బడి, చెరువు, సంత ఉన్న ఊళ్ల గురించి. నగరం పెరిగి వాళ్ల దాకా రాకముందే అవి ఊళ్లు. అలాంటివి ప్రధానంగా నాలుగు కనిపిస్తాయి. వాయవ్యాన సంగారెడ్డి, తూర్పున భువనగిరి, దక్షిణాన షాద్‌నగర్, పడమట వికారాబాద్. 2011 జనాభా లెక్కల ప్రకారం సంగారెడ్డిలో 70 వేలకు పైగా, మిగతా మూడింటిలో 50 వేల పైచిలుకు జనం ఉన్నారు. ఇప్పుడు అన్నీ ఇంకా పెరిగాయి.

ఈ నాలుగింటి మధ్య ఎటూ తేల్చుకోలేక ఆగిపోయిన వాళ్లు మొదట అడిగేది "గజం ఎంత?" అని. నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఇల్లు చవగ్గా దొరికినా, రోజూ నాలుగు గంటలు రోడ్డు మీద గడిపితే ఆ చవక మన ఆయుష్షులోంచే పోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం, మీరు పని చేసే చోటు హైదరాబాద్‌లో ఏ మూల ఉందన్నది. "హైదరాబాద్‌కు 50 కిలోమీటర్లే" అన్న బోర్డుకు అర్థం లేదు. ఏ హైదరాబాద్‌కు? భువనగిరి నుంచి ఉప్పల్ దగ్గర, గచ్చిబౌలి చాలా దూరం. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దగ్గర, ఎల్బీనగర్ వేరే ఊరితో సమానం. ఊరికీ నగర శివారుకీ మధ్య ప్రయాణం కష్టమేమీ కాదు. శివారు నుంచి ఆఫీసు దాకా సాగేదే అసలు ప్రయాణం. కాబట్టి ఉదయం ఎనిమిదింటికి బయల్దేరి ఆఫీసు గేటు దాకా ఎంత పడుతుందో చూసుకోవాలి. ఆదివారం కారులో వెళ్లి లెక్క వేసుకుంటే మోసపోతారు.

రెండోది రైలు. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది, రైలు ఇరుక్కోదు. నెల వారీ సీజన్ టికెట్ ఖర్చు బైక్ పెట్రోలుతో పోల్చితే చాలా తక్కువ. అయితే ఆ టికెట్‌తో రిజర్వేషన్ బోగీల్లో ఎక్కడానికి లేదు, సూపర్‌ఫాస్ట్ బండ్లకు అదనపు చార్జీ కట్టాలి. మూడోది, రాత్రి పన్నెండింటికి ఇంట్లో పెద్దవాళ్లకు గుండె నొప్పి వస్తే ఎక్కడికి తీసుకెళ్తాం అన్నది. నాలుగోది నీళ్లు, గాలి. ఐదోది, ఆ ఊరికి సొంత బతుకు ఉందా లేదా. అంటే ఇంటర్ కాలేజీ, కూరగాయల మార్కెట్, సర్కారు ఆఫీసులు, సాయంత్రం నడవడానికి ఒక చోటు, ఇవన్నీ ఊళ్లోనే ఉండాలి. ప్రతి చిన్న పనికీ నగరానికి పరిగెత్తాల్సి వస్తే చిన్న ఊళ్లో ఉండి లాభం ఏముంది?

ధర ఆ తర్వాత.

| అంశం | సంగారెడ్డి | భువనగిరి | షాద్‌నగర్ | వికారాబాద్ |
|---|---|---|---|---|
| ప్రధాన రహదారి | ముంబై హైవే (ఎన్‌హెచ్ 65) | వరంగల్ హైవే (ఎన్‌హెచ్ 163) | బెంగళూరు హైవే (ఎన్‌హెచ్ 44) | చేవెళ్ల మీదుగా బీజాపూర్ రోడ్డు |
| రైలు | ఊళ్లో లేదు | సికింద్రాబాద్–కాజీపేట లైను | సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ లైను | జంక్షన్, సికింద్రాబాద్–వాడి లైను |
| నగరంలోకి అడుగుపెట్టేది | పటాన్‌చెరు, లింగంపల్లి | ఉప్పల్, సికింద్రాబాద్ | శంషాబాద్, ఆరాంఘర్ | లింగంపల్లి (రైలు), అప్పా జంక్షన్ (రోడ్డు) |
| పెద్ద వైద్యం | ప్రభుత్వ మెడికల్ కాలేజీ | దారిలో బీబీనగర్ ఎయిమ్స్ | ప్రభుత్వ ఆసుపత్రి, ఆపైన శంషాబాద్ వైపు | ప్రభుత్వ మెడికల్ కాలేజీ |
| జిల్లా కేంద్రమా | అవును | అవును | కాదు | అవును |
| పెద్ద ఇబ్బంది | పటాన్‌చెరు దగ్గర రద్దీ | ఐటీ కారిడార్‌కు (గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు) దూరం | సొంత హడావుడి తక్కువ | రోడ్డు ప్రయాణం |

## భువనగిరి

నాలుగింటిలోనూ తక్కువ పేరు, ఎక్కువ సౌకర్యం ఉన్న ఊరు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఏకశిల మీద కోట, దాని కింద ఊరు. పదకొండో శతాబ్దంలో చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట అది, ఊరికి పేరు కూడా ఆయన నుంచే వచ్చిందంటారు. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరేట్ వచ్చింది, దాంతో సర్కారు పనులన్నీ చేతికందే దూరంలోకి వచ్చాయి.

ప్రయాణం విషయంలో దీని బలం రెండు రకాలు. సికింద్రాబాద్ వైపు పని ఉన్నవాళ్లకు రైలు ఉంది, ఎక్స్‌ప్రెస్ అయితే గంటలోపే. హైవే మీద వెళ్తే ఉప్పల్ వస్తుంది, అక్కడి నుంచి మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. దీని గురించి చాలామంది ఆలోచించరు. భువనగిరి నుంచి హైటెక్ సిటీ కష్టమే కానీ అసాధ్యం కాదు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లే వాళ్లు బస్సు ప్లస్ మెట్రో పద్ధతిని ఒకసారి ప్రయత్నించి చూడాలి. రోజూ వెళ్లాల్సిన వాళ్లకు మాత్రం నేను వద్దనే చెప్తాను. కారు వాళ్లు గూడూరు టోల్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి, అది సరిగ్గా ఊరికీ నగరానికీ మధ్యలో ఉంది. ఘట్‌కేసర్ దాకా వచ్చిన నగర లోకల్ రైలు ఎంఎంటీఎస్‌ను యాదాద్రి వైపు రాయగిరి దాకా పొడిగిస్తామని ఏళ్లుగా వింటున్నాం. వస్తే ఈ ఊరి రాత మారుతుంది. రాని రైలును నమ్మి మాత్రం ఇల్లు కొనకండి.

వైద్యంలో దీనికి సాటి లేదు. బీబీనగర్ ఎయిమ్స్ హైవే మీదే ఉంది. అక్కడ 2019లో ఎంబీబీఎస్ క్లాసులు మొదలయ్యాయి. ఇంట్లో బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులతో ఉండే అమ్మానాన్నలు ఉంటే ఈ ఒక్క కారణం చాలు.

నీళ్ల సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగంతా మోసుకుని ఈ వైపే వస్తుంది. పోచంపల్లి, బీబీనగర్, వలిగొండ మండలాల్లో మూసీ కాల్వల కింద ఉన్న పొలాల పరిస్థితి అక్కడి రైతులను అడిగితే చెప్తారు. పైగా పాత నల్లగొండ జిల్లా అంటే ఫ్లోరైడ్ భయం. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగునీటికి ఆ భయం బాగా తగ్గింది. అయినా ఇల్లు చూసేటప్పుడు నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, బోరు నీళ్లు పరీక్ష చేయించారా అని తప్పకుండా అడగండి. మూసీకి దూరంగా, ఊరికి ఉత్తరం వైపు చూసుకుంటే మంచిది.

ఇంకో మాట. 2022 మార్చిలో యాదగిరిగుట్ట ఆలయం పునర్నిర్మాణం తర్వాత తెరుచుకున్నాక శని, ఆదివారాలు, పండగ రోజులు హైవే మీద కార్లు బారులు తీరుతున్నాయి. ఆ రోజుల్లో ఊరు దాటాలంటే ఓపిక ఉండాలి.

## సంగారెడ్డి

నాలుగింటిలో నిండైన ఊరు ఇది. పాత మెదక్ జిల్లాకు ఎప్పటి నుంచో కేంద్రం కావడం వల్ల కోర్టులు, ఆఫీసులు, కాలేజీలు, బజారు అన్నీ కుదురుకుని ఉన్నాయి. 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పక్కనే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. పాత జైలును మ్యూజియం చేశారు, పిల్లలకు చూపించదగ్గ చోటు. మంజీరా పక్కనే కాబట్టి మొసళ్లు, పక్షులు ఉండే అభయారణ్యం ఊరికి దగ్గర. పిల్లల చదువులు ఇంటర్ దాకా ఊళ్లోనే గడిచిపోవాలనుకునే కుటుంబానికి ఇంతకన్నా తేలికైన ఊరు కనిపించదు.

కానీ రైలు లేదు. ఇదే దీని లోటు, చిన్న లోటు కాదు. ప్రయాణమంతా ముంబై హైవే మీద. పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి ఇస్నాపూర్ దాకా బాగానే వస్తారు, ఆ తర్వాత పటాన్‌చెరు, రామచంద్రాపురం, లింగంపల్లి, మియాపూర్ ఒక్కొక్కటీ దాటాలి. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్న చోట్ల పొద్దున పూట ఇంకా ఆలస్యం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని చేసే వాళ్లు ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కి దిగిపోవచ్చు, అప్పుడు రోజూ పోయిరావడం సాధ్యమే. బైక్ వాళ్లకు ఆ దారి లేదు, ఔటర్ మీదకు టూవీలర్లను అనుమతించరు, సర్వీస్ రోడ్డే గతి. అంటే కారుంటే సంగారెడ్డి ఐటీ ఉద్యోగికి దగ్గర, బైక్ మాత్రమే ఉంటే దూరం. చూడటానికి చిన్న తేడానే, జీతంలో ఎంత పెట్రోలుకూ టోలుకూ పోతుందో తేల్చేది ఇదే.

పటాన్‌చెరు, పాశమైలారం, సదాశివపేట వైపు ఫ్యాక్టరీల్లో పని చేసే వాళ్లకు మరో ఆలోచనే అక్కర్లేదు. సదాశివపేట అయితే నగరానికి ఎదురు దిక్కులో ప్రయాణం, ఖాళీ రోడ్డు. అయితే ఆ పారిశ్రామికవాడల కాలుష్యం మీద దశాబ్దాల పాటు కోర్టుల్లో కేసులు నడిచిన మాట మరవకూడదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమలో జరిగిన పేలుడు పదుల సంఖ్యలో కార్మికుల ప్రాణాలు తీసింది. ధర తక్కువని ఫ్యాక్టరీల గోడ పక్కన స్థలం చూడకండి. సంగారెడ్డి ఊరు వేరు, ఆ వాడలకు ఆనుకున్న ఊళ్లు వేరు. దళారులు రెండింటినీ "సంగారెడ్డి దగ్గరే" అని ఒకే పేరుతో అమ్ముతారు.

## షాద్‌నగర్

విమానాశ్రయం చుట్టూ పని చేసే వాళ్ల ఊరు ఇది. శంషాబాద్, కొత్తూరు, నందిగామ ప్రాంతాల్లో కంపెనీలు, గోదాములు, విద్యాసంస్థలు చాలా ఉన్నాయి. అక్కడ ఉద్యోగం ఉంటే షాద్‌నగర్ నుంచి అరగంట, ముప్పావు గంటలో పని చోట ఉంటారు. బెంగళూరు హైవే కాబట్టి రోడ్డు బాగుంటుంది, రాయికల్ టోల్ ఊరు దాటాక జడ్చర్ల వైపు ఉంది కనుక నగరానికి వచ్చేటప్పుడు అది తగలదు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల లైను డబ్లింగ్ పూర్తయి 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. కాచిగూడ వైపు రోజూ వెళ్లేవాళ్లకు అది మేలు. గచ్చిబౌలికి వెళ్లేవాళ్లు శంషాబాద్‌లో ఔటర్ ఎక్కుతారు. దూరం ఎక్కువే, ఆగడం తక్కువ.

లోటు ఏమిటంటే, ఊరు హైవేకూ రైలుకూ మధ్య పెరిగిన వ్యాపార కేంద్రం. జిల్లా కేంద్రం కాదు. రంగారెడ్డి కలెక్టరేట్ కొంగరకలాన్‌లో ఉంది, ఇబ్రహీంపట్నం వైపు. కలెక్టరేట్‌లో పని పడితే అక్కడి దాకా వెళ్లాలి. పెద్ద జబ్బుకు శంషాబాద్ దాటాల్సిందే. సాయంత్రం కుటుంబంతో తిరగడానికి, పిల్లలకు సంగీతమో డ్యాన్సో నేర్పించడానికి మిగతా మూడింటికన్నా ఇక్కడ వెతుక్కోవాలి. రియల్ ఎస్టేట్ ప్రకటనలు ఎక్కువగా కనిపించేది కూడా ఈ వైపే, జాగ్రత్త.

## వికారాబాద్

గాలి కోసం అయితే వికారాబాదే. నిజాం కాలంలో క్షయ రోగులకు ఆసుపత్రి పెట్టడానికి అనంతగిరి గుట్టలను ఎంచుకున్నారంటే ఆ గాలి విలువ అప్పుడే తెలుసన్నమాట. అడవి, అనంత పద్మనాభస్వామి గుడి, కోట్‌పల్లి జలాశయం అన్నీ చుట్టుపక్కలే. ఎండాకాలం సాయంత్రాలు నగరంతో పోలిస్తే తెలిసేంత తేడా ఉంటుంది.

మ్యాపులో చూస్తే నాలుగింటిలో ఎక్కువ దూరం ఇదే, 70 కిలోమీటర్ల పైమాట. విచిత్రమేమిటంటే ఐటీ ఉద్యోగికి రైలు పరంగా ఇదే దగ్గర. వికారాబాద్ జంక్షన్‌లో ఎక్కితే శంకర్‌పల్లి దాటి లింగంపల్లిలో దిగొచ్చు, అక్కడి నుంచి ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ స్టేషన్. ముంబై, బెంగళూరు వైపు వెళ్లొచ్చే బండ్లు కూడా ఈ లైనులోనే. మీ ఆఫీసు వేళలకు సరిపడే బండి రెండు వైపులా దొరుకుతుందా అన్నదే అసలు పరీక్ష. పొద్దున బండి ఉండి రాత్రి తొమ్మిది తర్వాత తిరుగు బండి లేకపోతే షిఫ్టు ఉద్యోగికి పనికిరాదు. ముందు టైంటేబుల్ తీసి చూడండి, తర్వాత ఇళ్లు చూడండి.

రోడ్డు గురించి దాచకుండా చెప్పాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న దారి మర్రిచెట్ల వల్ల ఎంతో అందంగా ఉంటుంది. ఆ చెట్ల కోసం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లిన వాళ్లంటే నాకు గౌరవం. కానీ రోడ్డు వెడల్పు ఏళ్ల తరబడి ఆలస్యమైంది, ఆ ఇరుకు దారిలో టిప్పర్లు, బస్సులు, కార్లు అన్నీ కలిసే పరిగెత్తాయి. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొన్న ఘోరం ఇంకా కళ్ల ముందే ఉంది. ఆ బస్సులో ఉన్నవాళ్లలో చాలామంది ఇలా నగరానికి వచ్చిపోయే పిల్లలు, ఉద్యోగులే. నాలుగు లేన్ల పని మొత్తం పూర్తయ్యేదాకా వికారాబాద్ నుంచి రోజూ రోడ్డు మీద పోయిరావాలన్న ఆలోచన పెట్టుకోవద్దని నా సలహా. రైలు కుదిరితేనే వికారాబాద్.

దామగుండం అడవిలో నేవీ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి అందులో పోతుంది. అడవి కోసమే ఇక్కడికి రావాలనుకునే వాళ్లు ఈ మార్పునూ మనసులో పెట్టుకోవాలి. వారాంతాల్లో రిసార్టుల రద్దీ సరేసరి.

## మీ పరిస్థితి ఏది?

రోజూ ఐటీ కారిడార్‌కు వెళ్లాలి, కారుంది: సంగారెడ్డి. కారు లేకపోతే, రైలు వేళలు కుదిరితే వికారాబాద్. రెండూ కుదరకపోతే నగరంలోనే ఉండటం మేలు.

సికింద్రాబాద్, ఉప్పల్, తార్నాక, రాంపల్లి వైపు ఉద్యోగం: భువనగిరి. రెండో ఆలోచన వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు: భువనగిరి మొదట, తర్వాత సంగారెడ్డి. వికారాబాద్ గాలి వాళ్లకు ఇష్టమే కావచ్చు, 2023లో అక్కడ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అయినా స్పెషలిస్టు డాక్టరు అవసరం తరచూ ఉంటే దూరం బాధిస్తుంది.

ఇంట్లో ఆడవాళ్లు ఉద్యోగానికి వెళ్తారు: 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. బస్సులు తరచుగా తిరిగే సంగారెడ్డి, భువనగిరి వాళ్లకు దీనివల్ల నెలకు మిగిలేది గట్టి మొత్తమే. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో, బస్టాండు నుంచి ఇంటికి దారిలో లైట్లున్నాయో లేదో స్వయంగా నడిచి చూడండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి అమ్మానాన్నల కోసం కొంటున్నారు: మీరు వాళ్ల కోసమే కొంటున్నారా, లేక ధర పెరుగుతుందని కొంటున్నారా, ముందు మీకు మీరే తేల్చుకోండి. వాళ్ల కోసమైతే ఊరి నడిబొడ్డున, గుడికీ మందుల షాపుకీ నడిచి వెళ్లే చోట పాత ఇల్లు చాలు. ఊరవతల గేటెడ్ వెంచర్‌లో సగం ప్లాట్లు ఖాళీగా ఉంటాయి, రాత్రిపూట పలకరించే మనిషి ఉండడు. ఆ ఒంటరితనం పెద్దవాళ్లను కుంగదీస్తుంది, వాళ్లు ఫోన్‌లో మీకు చెప్పరు కూడా.

## కొనే ముందు

ఒక ఏడాది కిరాయికి ఉండండి. ముఖ్యంగా ఒక ఏప్రిల్, మే ఆ ఊళ్లో గడవాలి. బోర్లు ఎండేది, ట్యాంకర్లు తిరిగేది, కరెంటు పోయేది అప్పుడే. తర్వాత ఒక వానాకాలం చూడాలి, ఏ కాలనీలో నీళ్లు నిలుస్తాయో అప్పుడే తెలుస్తుంది. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) పరిధిలోకి వెళ్లిన ప్లాట్లు ఈ ఊళ్లన్నిటి చుట్టూ ఉన్నాయి.

ఔటర్ అవతల రావాల్సిన రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి ధర పెంచితే ఒక్కటే అడగండి: ఈ సర్వే నంబరు అలైన్‌మెంట్‌లో, అంటే రోడ్డు వెళ్లే గీతలో ఉందా? సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా ఉత్తర భాగం భూసేకరణలో భువనగిరి వైపు రైతులు ఎంత పోరాడారో ఆ ఊళ్ల వాళ్లకు తెలుసు. రోడ్డు పక్కన ఉంటే లాభం, రోడ్డు కింద ఉంటే నష్టం. లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి ఉందా, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందా, ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) గత ముప్పై ఏళ్ల లావాదేవీలు శుభ్రంగా ఉన్నాయా చూడాలి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ సాగుభూమి మాత్రమే. దాని మీద ఇంటికి పర్మిషన్ రాదు, బ్యాంకు లోను రాదు. నాలా కన్వర్షన్ (సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చే అనుమతి) అయిందని నోటిమాటగా చెప్తే నమ్మకండి, కాగితం చూపించమనండి.

భార్యాభర్తలిద్దరూ నగరంలో రెండు వేర్వేరు మూలల్లో పని చేస్తుంటే ఈ నాలుగు ఊళ్లలో ఏదీ మీకు సరిపోదు. ఒకరు ఉప్పల్, ఒకరు గచ్చిబౌలి అయితే మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లే చోట చిన్న ఇల్లు తీసుకోండి. డయాలసిస్ లాంటి వైద్యం వారానికి రెండు మూడుసార్లు అవసరమైన వాళ్లు ఉన్న ఇంటికి కూడా అంతే. ఆ పరిస్థితి మారాక మళ్లీ ఈ వైపు చూడొచ్చు.